నవ్వు సంగతి

దేవరకొండ రోడ్డు మీది ట్రైనింగ్ సెంటర్ల
సారు బోర్డు మీద మూడే ముక్కలు రాసిండు:
కూసునుడు, చూసుడు, నవ్వుడు.

మొదటి రెండూ వారంల వచ్చినయి.
కుర్చీ అంచు మీద గాకుండ నిండుగ కూసునుడు,
నేల చూపులు గాకుండ
అడిగేటోని కనుబొమ్మల నడుమ చూసుడు.
మూడోదాని కాడ ఆగిపోయిన.

"పగిళ్ల నవనీతా, నవ్వమ్మా,
ఫస్ట్ ఇంప్రెషన్‌కు ఏడు సెకన్లే టైము."
పెదవులు తెరవకుంటనే నవ్విన.
"పండ్లు కనవడాలె" అన్నడు.
హైదరాబాద్ నుంచి వారానికొకపారి వచ్చే మనిషి,
తాగే నీళ్లు సీసాల ఎంట తెచ్చుకునే మనిషి,
ఆయనకేం ఎరుక.

మర్రిగూడ దిక్కు మా ఊర్ల పండ్లు రెండు తీర్లు.
బత్తాయి పండ్లు లారీలెక్కి పోతయి.
నోట్లె పండ్లు మాతోనే ఉంటయి,
అడ్డం గీతలు, తుప్పు మరకలు,
బోరు నీళ్లు రాసిన రాత.
నాయనమ్మకు ఆ నీళ్లు నడుము దాక దిగినయి,
వంగిన మనిషి వంగినట్టే పోయింది.
నాకు పండ్ల కాడనే ఆగినయి.
నల్లా వచ్చేటాలకు నేను తొమ్మిదో తరగతి.

ఫోటోలన్నిట్ల నా నోటికి చెయ్యడ్డం.
ఆధార్ కార్డుల ఒక్కదాంట్లె
తియ్యమ్మా చెయ్యి అని గద్దిచ్చిండ్రు.

క్లాక్ టవర్ కాడ దిగి ట్రాక్టర్ షోరూంకు నడిచిన,
ఫర్హానా చెప్పులు, అర సైజు పెద్దయి,
అడుగడుగుకు టప్పుటప్పుమని నాకంటె ముందే పేరు చెప్పుకుంటున్నయి.
ఫైల్‌ల బీకాం మెమోలు,
రెండుపార్లు రాసి గట్టెక్కిన కాస్ట్ అకౌంట్సు గూడ.
బెంచీ మీద పదకొండు మంది.
ఒక పిలగాడు ఫోన్ల వీడియో చూసుకుంట టై కడుతుండు,
"అక్కా, జర చూడవా" అన్నడు.
నాకేం వస్తది? అయినా ముడి సవరించిన.

లోపల మేనేజరు
ఐదేండ్ల తర్వాత ఎక్కడుంటవన్నడు.
బట్టీ వట్టిన జవాబు సగం చెప్పిన్నో లేదో
ఫ్యాను గాలికి మెమో ఎగిరి టేబుల్ కిందికి పోయింది.
ఆయనా వంగిండు, నేనూ వంగిన,
తలకాయలు రెండూ టక్కున తాకినయి.

నవ్వొచ్చింది.
చెయ్యడ్డం పెట్టెటంత యాల్ల లేదు.

ఆయన చూసిండు. నేను లెక్కవెట్టిన,
ఒకటి, రెండు, మూడు...
ఏడు గాకముందే అడిగిండు: "ఏ ఊరు?"
చెప్పిన.
ఓహో అన్నడు. ఆ ఓహో నాకు పాత సుట్టమే.

"ముందు కౌంటర్‌కు వేరే అమ్మాయిని తీస్కుంటున్నం.
నీకు వెనక రూంల ఫోన్లు చేసే పని,
సర్వీసు డేట్లు యాది చెయ్యాలె. తొమ్మిది వేలు."

ముందేందో వెనకేందో నాకు సమజైంది.
గొంతుల ఏదో అడ్డం వడ్డది, మింగిన.
కుర్చీల నిండుగ కూసున్న.
కనుబొమ్మల నడుమ గాదు, కండ్లల్లకే చూసిన.
"పదివేలియ్యున్రి సార్."
"ఆడోళ్లకు బస్సు ఫ్రీయే గదమ్మా."
"అన్నం ఫ్రీ గాదు గద సార్."
ఈపారి తెలిసే నవ్విన, మొత్తం పండ్లతోని.
పెన్ను మూత తీసిండు, పెట్టిండు, మళ్ల తీసిండు.
"తొమ్మిదిన్నర" అన్నడు.

ఇప్పుడు గోడ దిక్కు మొకం వెట్టి కూసుంట.
"అన్నా నమస్తే, మీ బండి రెండువందల యాభై గంటలు తిరిగింది,
ఆయిల్ మార్చాలె."
నిన్న చండూరు నుంచి ఒక పెద్దమనిషి,
ఆయిల్ సంగతి ఇనకుండనే
"ఎవలి బిడ్డవు గని, మంచిగ నవ్వుతున్నవు" అన్నడు.
జవాబు రాలె.
రిజిస్టర్ల ఆయన బండి నంబరు తప్పు రాసి
కొట్టేసి మళ్ల రాసిన.

టై పిలగానికి వర్క్‌షాపుల దొరికింది.
మొదటి రోజు కట్టుకొనే వచ్చిండు,
పగటీలికి గ్రీజు తుడుసుకున్నడు దాంతోని.
చూపెట్టి నవ్విండు.
వాని పండ్లు గూడ మా దిక్కువే.