తడి గీత

కనిగిరి తాసీల్దారాఫీసు గోడవార
రేకు కింద నా బల్ల.
ఇరవైరెండేళ్ళుగా
ఊళ్ళ దాహాన్ని తెల్లకాగితాల మీదికి తోడుతున్నాను.
అర్జీకి ముప్పై రూపాయలు,
ఏడుపు ఎక్కువైతే ఇంకో పది.

‘మహారాజరాజశ్రీ’తో మొదలెట్టి
‘తమరి దయకై ఎదురుచూస్తూ’ అని ముగిస్తాను.
ఆ చివరి మాట
నిద్రలో లేపి అడిగినా తప్పు రాయను.

ఎర్రగుంటపాలెం మాలకొండమ్మ
మొదటిసారి వచ్చింది ఉగాది వెళ్ళిన వారం.
ట్యాంకరు రాక తొమ్మిది రోజులైందంది.
బోరు నీళ్ళు తాగితే మోకాళ్ళు వంగే నేల మాది,
పిల్లల పళ్ళు నవ్వకముందే పసుపెక్కే నేల.
రాశాను.
వేలిముద్ర వేసింది.
పొగాకు జిగురు ఇంకా వదలని వేలు,
కాగితం దాన్ని పట్టుకుని కొంచెంసేపు వేలాడింది.

రెండోసారి, పదిహేడు రోజులంది.
కాంట్రాక్టరుకు బిల్లులు రాలేదంట,
ట్రాక్టరు షెడ్డులో పడుకుందంట,
డ్రైవరు తిరుపాలు చీమకుర్తి పోయి గ్రానైటు లారీ ఎక్కాడంట.
బిందెలు మాత్రం వరసలోనే ఉన్నాయంట,
మనుషులు నీడకు పోతూ
తమ బదులు వాటిని ఎండలో కూర్చోబెట్టి.
అదీ రాశాను.
ఈసారి కొంచెం గట్టిగా రాశానని
నాలో నాకు గర్వం కూడా.

మూడోసారి ఆమె నీడ బల్ల మీద పడగానే
తలెత్తకుండా ‘మహారాజ’ దాకా వచ్చేశాను.
‘అది గాదు సామీ,
లైసెన్సు కాగితం నింపు.’
‘ఎవరికి?’
‘ఎవరికేంది, నాకే.’

నవ్వాను. ఒప్పుకుంటున్నాను.
జిరాక్సు మస్తాను కూడా నవ్వాడు,
‘ఆడమనిషి, ట్రాక్టరు...’ అని సాగదీశాడు.
‘నేను ఆడదాన్నని
దానికి ఎవురు చెప్తారు, నువ్వా?’

తర్వాత చెవిన పడ్డవి ఇవి.
తమ్ముడి బండి మీద బీట్లో నేర్చుకుందట.
రెండు చిల్లచెట్లను, ఒక గట్టును,
మరిది పరువును గుద్దిందట.
తాళంచెవి చేతికొచ్చేదాకా
కాంట్రాక్టరు గుమ్మంలోంచి లేవలేదట.
‘డీజిలు మా ఊరు పోసుకుంటాది,
నీ బిల్లు కోసం నువ్వు కూసో’ అందట.
ఇంటికి ఇరవై రూపాయలు,
లేనోళ్ళ గడప దగ్గర ఆ మాటే ఎత్తరట.

కందుకూరులో
నేల మీద ఎనిమిది వేయమన్నారు.
సంతకం రాని మనిషి
రెండు పెద్ద చక్రాలతో ఎనిమిది రాసింది,
ఎక్కడా కొట్టివేత లేకుండా.

నిన్న సాయంత్రం బల్ల సర్దుకుని పోతుంటే
పామూరు రోడ్డులో నన్ను దాటిపోయింది.
హారను కొట్టింది,
నన్ను చూసో, అడ్డమొచ్చిన గేదెను చూసో.
ఆ ట్యాంకరు కుళాయి సరిగా కట్టుకోదు.
తారు మీద సన్నగా ఒక తడి గీత
ఇక్కణ్ణించి వాళ్ళ ఊరిదాకా, పదకొండు కిలోమీటర్లు,
మలుపుల దగ్గర వంగి
గుంతల దగ్గర కాస్త ఒలికి.
ఒక కుక్క దాన్ని నాకుతూ నడుస్తోంది.

నేను రాసినవన్నీ అంచుకు అంచు కలిపి పరిస్తే
అంతకంటే పొడవే తేలతాయి.
ఒక్కదాన్నీ
ఏ కుక్కా నాకలేదు.

ఈ పొద్దున పక్క మండలం నుంచి ఒకాయన వచ్చి
గాలివానకు బడి పైకప్పు రేకు లేచింది, రాయమన్నాడు.
రాశాను, పొట్ట ఉంది గదా.
చివరి మాట దగ్గర పెన్ను ఆపి
అడిగాను,
‘మీ ఊళ్ళో నిచ్చెన ఉందా?’