తెలివి

ఉండి అవతల రొయ్యల చెరువు గట్టున
నా డబ్బా పదకొండో రోజుకే చచ్చింది.
లోపల మూడు సెల్లులు, గోరంత చిప్పు.
దాని పనల్లా ఏరియేటర్ తిరుగుతోందా లేదా అని చూడ్డం.

మీటరు పెట్టి తిట్టుకున్నాను.
ఎవరూ చూడని ఎర్రలైటొకటి
రాత్రీ పగలూ మేస్తోంది. పీకేశాను.
ఎటూ కట్టని పిన్నొకటి
గొళ్ళెం లేని తలుపులా కొట్టుకుంటోంది.
గ్రౌండుకి కట్టాను.
అయినా ముల్లు మిల్లీల్లోంచి దిగదు.

పాకలో కాపలా ఏసుపాదం గురక.
"ఇలా పడుకుంటే ఎలా బాబాయ్?"
"లేచి లేచి చూత్తే పొద్దున్న పని చెయ్యలేనండి.
ఫ్యాను సప్పుడు ఆగిందా, తెలివొచ్చేత్తాది. ఆయ్."

నేనేమో చిప్పుని సెకనుకోసారి తట్టి లేపి
ఆగిందా, ఆగిందా అని అడిగిస్తున్నాను.

మంచం పట్టె మీద లాప్‌టాప్ పెట్టి
ఆ అడగడం మొత్తం చెరిపేశాను.
పడుకో. ఆగితే తీగే లేపుతుంది.

నాలుగు మైక్రో ఆంపియర్లు.
తీగ ఊడిందేమోనని రెండుసార్లు కదిపి చూశాను.

మూడింటికి కరెంటు పోయిందట.
డబ్బా ముందు కూసిందో
ఏసుపాదం ముందు లేచాడో చెప్పలేను.
నేను నిద్రలో ఉన్నాను.