దగ్గు

ముప్ఫై ఏళ్లు గుంటూరు మిర్చి యార్డులో
దగ్గుతూనే మాట్లాడుకున్నాం నేనూ ఏసోబూ.
ఎవరి దగ్గు ఎవరిదో
బస్తాల వరస అవతలినుంచే పోల్చేవాళ్లం.
ఘాటు, అంతే.
ఎవరూ వెనక్కి తిరిగి చూసేవాళ్లు కాదు.

ఇవాళ సమాధుల తోట గేటు దగ్గర
కాగితం మీద ఇరవై పేర్లకి చోటుంది.
రాసినవి ఏడు.
ఏడోది నాది.

జేసీబీ తవ్విన గొయ్యి, ఇంకా తడిగా.
నీలం తొడుగులవాళ్లు నలుగురు
టిక్కీ దించినట్టు దించారు వాణ్ణి.
"మెల్లగా బాబూ" అనబోయాను.
నలభై కిలోల బస్తాని కూడా
పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టేవాడు వాడు.

పాస్టరుగారి ప్రార్థన ఫోన్లో వస్తోంది,
మధ్యమధ్య సిగ్నల్ పోతోంది.
ఆమెన్ ఎక్కడనాలో తెలియక కరుణమ్మ
తెగిన ప్రతిచోటా అంటోంది.

అప్పుడే నా గొంతులో గరగర.
ఆ పాత కారమే, నాకు తెలుసు.
వాళ్లకి తెలీదుగా.
ఊపిరి బిగబట్టాను. కళ్లు కారాయి.
ఏడుస్తున్నాననుకుని కరుణమ్మ
దూరం నుంచే చేతులు జోడించింది.

ఇంటికొచ్చి, పెరట్లో పంపు తిప్పి
నీళ్ల చప్పుడు చాటున
దగ్గాను,
అవతలి వరసకి వినపడేంత గట్టిగా.