మ్యాచింగ్

ఇరవై రెండేళ్లు బీసెంట్ రోడ్డులో
లైనింగ్ గుడ్డలు చింపాను.
గులాబీ ఒక్కదానికే నలభై అరలు:
రాణీ రంగు, పీచుమిఠాయి, తామర,
కనకాంబరంలోకి జారబోయి ఆగిపోయిందొకటి,
సున్నం ఎక్కువైన తాంబూలం ఇంకొకటి.
చీర కౌంటర్ మీద పడగానే
చెయ్యి దానంతటదే నిచ్చెనెక్కేది.
పెళ్లిళ్ల సీజన్లో క్యారేజీ విప్పితే
పప్పుచారుకి కూడా ఏ లైనింగ్ పడుతుందో తోచేది.
ట్యూబులైటు కింద మాత్రం ఎవర్నీ కొననివ్వలేదు.
"బయటికి తీసుకెళ్లి ఎండలో చూడండమ్మా,
లోపల రంగు అబద్ధమాడుద్ది."

ఇప్పుడు నా గోడకి రంగు.
చిట్టినగర్ కొండ మీద, ఎనభై మూడు మెట్లెక్కితే
ఒకటిన్నర గది. కిందటి నెలతో అప్పు తీరింది.
గవర్నర్‌పేట పెయింట్ల కొట్లో కుర్రాడు
షేడ్ కార్డు విసనకర్రలా విప్పి అడిగాడు:
"దేనికి మ్యాచింగ్ అక్కా? సోఫాకా, కర్టెన్లకా?"

నోట మాట రాలేదు.
సోఫా లేదు. కర్టెనంటే పాత చీర, నెలకొకటి.
ఇన్నేళ్లలో
దేనికీ సరిపోనక్కర్లేని రంగు
నన్నెవరూ అడగలేదు.

మొదటి డబ్బా తెచ్చి చెయ్యెడు మేర పూస్తే
కడుపుమంటకి తాగే మందు.
రెండోది ఎల్‌కేజీ బడి.
మూడోది రాత్రి బాగానే ఉండి
తెల్లారేసరికి చెమటకాయల లోషనైంది.
దావీదు మేస్త్రి బ్రష్షు నీళ్లలో జాడిస్తూ
"క్రీమ్ వేసుకోమ్మా, గొడవుండదు" అన్నాడు.
గొడవ లేని గోడల మధ్యే
అద్దెలు కట్టుకుంటూ వచ్చాను మేస్త్రీ.

ఆ రాత్రి ఉల్లిపాయ తరుగుతుంటే
ఎర్రపొట్టుకీ తెల్లగడ్డకీ మధ్య
ఒక పల్చటి పొర వేలికంటుకుని రానంది.
బల్బుకి అడ్డంపెట్టి చూశాను.
అరవదు. అలాగని మూగదీ కాదు.
జ్వరం దిగిన పిల్ల చెంప.

పొద్దున్నే పర్సులో పెట్టుకుని కొండ దిగాను.
కొట్టు చేరేసరికి అది ముడుచుకుని
గోధుమ రంగు చెత్తైంది. పారేశాను.
కంట్లోది వాడదుగా.
కుర్రాడికి చెప్పాను: గులాబీ వెయ్యి.
వెచ్చదనానికి పసుపు కొంచెం.
ఇక నలుపు, ఒకే ఒక్క చుక్క.
"నలుపెందుకక్కా, చెడిపోద్ది!"
చెడిపోదు నాయనా.
ముద్దొచ్చే పిల్ల బుగ్గన పెడతారే, అందుకే.
మరీ మెరిసేదాంతో
ఒకే గదిలో రోజూ ఎవరు కాపురం చేస్తారు?
మిషన్ గడగడా ఊగింది.

ఇప్పుడు సాయంత్రం నాలుగు.
గోడ సగం ఆరి, సగం తడిగా
ఇద్దరు మనుషుల్లా ఉంది.
మేస్త్రి టీకి కిందికి దిగాడు.
ట్యూబులైటు కింద ఎంతసేపు నిలబడ్డా
ఇది నాదో కాదో తేలలేదు.
గోడని ఎండలోకి ఎత్తుకెళ్లలేను కదా.

అడ్డంగా ఉన్న బకెట్ కాలితో జరిపి
పడమటి తలుపు బార్లా తీశాను.