బోరు లెక్క

షువైఖ్ సనాయియాలో
ఎండ యాభై దాటిన పొద్దు
షట్టరు నడుముదాకా దించి
పాత ల్యాండ్ క్రూజర్ ఇంజను కిందికి దించినాం.
హెడ్డు విప్పితే ఆరు బోర్లు, వరసగా.
ఓబులేసు తొంగి చూసి నవ్వినాడు.
“మస్తానన్నా, దీన్ని గూడా బోరే అంటారా?”

పిల్లోడు వచ్చి నెల కాలేదు.
వాళ్ళ నాయన రాయచోటి తట్టు నాలుగు బోర్లు వేయించి
నాలుగూ ఎండినాక
ప్రామిసరీ నోటు మడిచినట్టు మడిచి
వీణ్ణి విమానం ఎక్కించినాడు.
బోరంటే వానికి
అడుగుకింత అని నోట్లు ఎంచడం,
గొట్టంలోంచి తెల్లదుమ్ము లేవడం,
తడి తగుల్తాదేమోనని ఊరంతా నిలబడి చూడడం.

“ఈ బోరు అడ్డకొలత పది సెంటీమీటర్లు.
లోతు గాదు మనం చూడాల్సింది.
పిస్టను ఎంత దూరం నడుస్తాదో అది. తొమ్మిదిన్నర.
దాన్ని స్ట్రోకంటారు.
పైన మిగిలే కాస్త చోటు లెక్కలోకి రాదు.
నడిచిన మేరకే కొలత.”

ఫిల్టరు డబ్బా అట్ట మీద సుద్దముక్కతో
పదిలో సగం ఐదు, ఐదైదుల ఇరవై ఐదు.
“ఇరవై రెండు బై ఏడు!” అని వాడే అందుకున్నాడు,
పదో తరగతి తప్పించిన సబ్జెక్టులో
చేతికి మిగిలిన ఒక్క ముక్క.
దాంతో గుణించి, స్ట్రోకుతో గుణించి, ఆరుతో గుణించి
నాలుగువేల నాలుగొందల డెబ్బై తొమ్మిది అన్నాడు.
నా ఫోను డెబ్బై ఏడే అనింది.
మన ఇరవై రెండు బై ఏడుది కొంచెం ధారాళం చెయ్యి,
రెండు సీసీలు కొసరేసింది.

వాడు బయటికి పోయి
బండి వెనక తలుపు మీది అంకె చదివి వచ్చినాడు.
“అన్నా, నాలుగువేల ఐదొందలని ఉందే.
ఇరవై మూడు యాడికి పోయినాయి?”
పోలేదురా, ఎప్పుడూ ల్యావు.
అమ్మేటోడు పైకి సర్దుతాడు,
జీతమిచ్చేటోడు కిందికి సర్దుతాడు.
నూట పదిహేడున్నర దినార్లు నూట పది ఎట్లవుతాదో
నెలాఖర్లో నీకే తెలుస్తాది.

గేజు పెట్టి చూపించినా.
ఇరవై ఆరేండ్లు ఇసకగాలి మింగి
బోర్ల గోడలు కోడిగుడ్డు మాదిరి సాగినాయి.
కొడుకు పుట్టిన ఏడు కొన్న బండంట,
అబూ ఫైసల్ అమ్మనంటాడు.
మూడోరోజు లేతు కాడి ఇరానీ ముసలాయన
ఒక్కో బోరూ అరమిల్లీ వెడల్పు చేసి పంపినాడు.
మళ్ళా అట్ట, మళ్ళా సుద్దముక్క.
నాలుగువేల ఐదొందల ఇరవై రెండు.

ఓబులేసు అట్టను ఎగాదిగా చూసినాడు.
అరిగినాక పెరగడమేంది?
కొత్తలో చెప్పిన అబద్ధాన్ని
ముసలితనంలో దాటిపోవడమేంది?
పెరిగింది ఎంతనుకున్నావు,
సగం ఇస్తికానా చాయ్.
ఈ మాట అబూ ఫైసల్‌తో అంటే
సగం చాయ్‌కి ఇంత బిల్లా అంటాడు.

ఆ రాత్రి రూములో, ఎనిమిది మంచాల మధ్య,
పైమంచం మీద ఫోను వెలుతురు.
వాడు ఇంకా గుణిస్తానే ఉన్నాడు.
“నిద్ర పోయినావా అన్నా?
మా నాలుగో బోరు ఆరున్నర అంగుళాలు, ఏడొందల అడుగులు.
నలభై ఐదు లక్షల అరవై ఏడు వేల సీసీలు.
వెయ్యి ల్యాండ్ క్రూజర్లన్నా. మీద ఇంకో పది.”

దాంట్లో పిస్టను లేదు కదరా అనబోయినా.
నడిచిన మేరకే కొలతని
మొన్న నేనే కదా చెప్పింది.
ఆ గొట్టంలో నడిచిందేముంది,
రాతిపొడి పైకి, డబ్బు కిందికి.
అనలేదు.

ఏసీ కింద బకెట్లో
చుక్క పడతా ఉంది, ఆగి ఇంకో చుక్క.
ఓబులేసు మంచం దిగి, చీకట్లో తడుముకుంటా పోయి,
ఎంత నిండిందో వేలు ముంచి చూసినాడు.