తడిసి మోపెడు

రోటర్‌డామ్ నగర దస్తావేజుల భవనానికి
ముప్పై ఒక్కేళ్ళుగా నేనే తాళంచెవిని.
ఐదో అంతస్తులో పదిహేడు బకెట్లు.
ఏ చినుకు ఏ బకెట్‌దో నాకు తెలుసు.
పడమటి గాలైతే జనన రిజిస్టర్ల మీద,
కొంచెం ఉత్తరానికి తిరిగితే మరణాల వరస మీద.
పెళ్ళిళ్ళ గది ఒక్కటే ఎప్పుడూ కారలేదు,
ఎందుకో నన్నడగొద్దు.

ఇప్పుడీ కప్పు మీద పచ్చిక పెంచుతారట.
మొన్నటిదాకా నీటిని తరిమినందుకు జీతమిచ్చారు.
ఇవాళ ఆపి కూచోబెట్టమంటున్నారు.
ఊరే సముద్రానికి కింద ఉంది,
గట్టి వాన పడితే మురుగు కాలవలు వీధిలోకి కక్కుతున్నాయి,
కాబట్టి వానని కాసేపు
నెత్తిన పెట్టుకోవాలట.
సరే అన్నాను.
నన్నెవరూ అడగలేదు, అయినా అన్నాను.

లెక్కలు కట్టే ఇంజినీరమ్మ వీప్కె వచ్చింది.
స్తంభాలని వైద్యుడు వీపు తట్టినట్టు తట్టింది.
కాంట్రాక్టరు మట్టి తూకం కాగితం చాపితే
పైనుంచి ఒక్క చూపు చూసి వెనక్కిచ్చింది:
"ఇది ఎండిన బరువు.
నాకు తడిసిన బరువు కావాలి."

ఆ మాట నాతోపాటు మెట్లన్నీ దిగింది.
తీట్స్కె పోయిన ఏడాది
అందరూ నన్ను ఎండిన బరువే అడిగారు.
ఎలా ఉన్నావు హార్మ్, నిద్ర పడుతోందా, తింటున్నావా.
పడుతోంది, తింటున్నాను.
మరణాల వరసలో ఆమె పేరున్న సంపుటం దగ్గర
ఏ గాలికీ చినుకు రాదు.
నాకు తెలుసు. అయినా అక్కడ
పద్దెనిమిదో బకెట్ పెట్టాను.

ముందు పాత కంకర ఎత్తేశారు.
తారు పొర మీద కొత్త పొర, దాని మీద ఇంకోటి,
అతుకుల్ని వేడి గాలితో ఇస్త్రీ చేశారు.
తర్వాత తూములు మూసి, కప్పంతా చీలమండ లోతు నీళ్ళు నింపి
రెండు రోజులు వదిలేశారు.
ఆ నీళ్ళలో రబ్బరు బూట్లేసుకుని అడెలీనో నడుస్తున్నాడు,
వెనకే ఒక సముద్రపు కాకి, తనదే ఆ చెరువన్నట్టు.
పాత లిఫ్టు గది మూల చూడండని మూడుసార్లు చెప్పాను.
అక్కడే కారింది.
ఆ రోజు నుంచీ అడెలీనో నా కాఫీ తాగుతున్నాడు.

క్రేన్ మీద మట్టి మూటలు వచ్చాయి.
మట్టి కాదది, ఎర్రటి పొడి, పెంకు ముక్కలు.
"కూలగొట్టిన ఇళ్ళు," అన్నాడు అడెలీనో.
"బాగా నీళ్ళు తాగుతాయి."
కేప్ వెర్దెలో వాళ్ళ అవ్వ
మూడేళ్ళు వాన పడకపోయినా
ఆకాశాన్ని తిట్టనిచ్చేది కాదట.
వింటుంది, అలుగుతుంది అనేదట.
బొటనవేలంత మొక్కలు, బొద్దు ఆకులు,
మోకాళ్ళ మీద పాకుతూ ఏడుగురు, పదకొండు రోజులు.

అక్టోబరులో ఒక రాత్రి వచ్చింది వాన.
మిన్నూ మన్నూ ఏకమయ్యే వాన అంటారే, అది.
ఈసారి మన్నే ఐదంతస్తులు ఎక్కి
ఎదురెళ్ళింది.
పాత అలవాటు మంచంలోంచి లేపింది.
టార్చీ పట్టుకుని పైకి వెళ్ళి
బకెట్ల మధ్య ముక్కాలిపీట వేసుకుని కూచున్నాను.

ఒక్కటీ పలకలేదు.

వీప్కె లెక్కన నా తల మీద
మూడు వందల అరవై టన్నులు,
తడిసి మోపెడు.
స్తంభాన్ని ముట్టుకున్నాను, చల్లగా ఉంది.
అది ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.
ఏడ్చానా అంటే, చీకట్లో ఎవరు చూశారు.

తెల్లవారి, వాన ఎప్పుడో వెలిసిపోయాక,
వీధి ఆరిపోతుండగా
తూము గొట్టం మెల్లగా మొదలెట్టింది,
ఒక్కో బొట్టే, లెక్కపెట్టి ఇస్తున్నట్టు.

పిచ్చిమొక్కలు పీకి వేయడానికి
ఖాళీ బకెట్లున్నాయా అన్నాడు అడెలీనో.
ఒకదాంట్లో ఒకటి దూర్చి పదిహేడూ ఇచ్చాను.
"లోపల ఇంకోటి ఉందిగా?"
"అది ఇంకా పనిలో ఉంది," అన్నాను.