గడప ఎత్తు

ఎర్రముక్కపల్లెలో టైర్ల అంగడి పైన మా ఆఫీసు.
రాత్రిపూట మేలుకొని ఉండేది
రెండు ఫ్యాన్లు, ఒక సర్వరు, నేను.
పాలు పోసే కేంద్రాలన్నీ తెల్లారుజామున
మా తెర మీదికి వస్తాయి:
లీటర్లు, వెన్న శాతం, పేరు.
తూకం మిషను మాట తప్పితే
లాగులో ఒక ఎర్ర గీత.

ఐదు నిమిషాల్లో యాభై గీతలు దాటితేనే
ఫోను మోగాలని రాసుకున్నాం.
తెర మీది గడపకు పసుపుండదు, బొట్టుండదు.
ఒక అంకె, అంతే.
యాభై ఎవరు పెట్టినారో ఎవరికీ గుర్తులేదు.
"రౌండు నెంబరు గదన్నా, చూడ్డానికి బాగుంటాదని"
అన్నాడు దస్తగిరి.

ఫోను స్టీలు గ్లాసులో వేసి పడుకుంటా.
వణికితే గ్లాసు అరుస్తుంది,
అరిస్తే లేస్తా.
ఆ రోజు గ్లాసు అరవలేదు.

ఆరున్నరకు లేచి చూస్తే
నలభై తొమ్మిది, నలభై ఆరు, మళ్లీ నలభై తొమ్మిది.
గడప దాకా వచ్చి, పిలవడానికి మొగమాటపడి
వాకిట్లోనే నిలబడిపోయిన మనుషుల్లాగా.

చెన్నూరవతల పల్లెలో పీరమ్మ
నాలుగున్నర లీటర్లు మూడుసార్లు తూయించిందంట.
"మిషను నన్ను ఎరగనంటాంది సామీ" అనిందంట.
ఆ మాట మా లాగులో ఇట్లా ఉంది:
టైమవుట్. టైమవుట్. టైమవుట్.

ఉడుకుమోత్తనంతో యాభైని ఐదు చేసినా.
గ్లాసు రాత్రంతా అరిచింది,
కరెంటు కన్నుకొట్టినా,
ఎవడో కుర్రోడు పాస్‌వర్డు మర్చిపోయినా.
స్టేషను పక్కన కాపురమున్నోళ్లకు
రైలు కూత వినపడుతుందా?
నాలుగో రాత్రి ఫోను తీసి దిండు కింద పెట్టినా.
తప్పని తెలుసు. పెట్టినా.

మా ఊరి పేరే గడప అంటారు పెద్దోళ్లు,
కొండకు పోయేవాళ్లు ముందు ఇక్కడ మొక్కాలంట.
అట్లాంటి ఊళ్లో ఉండి
గడప ఎంత ఎత్తుండాలో నాకు తెలీలేదు.

ఆ వారమే ఆఫీసు వాకిలికి చెద పట్టింది.
మాబుసాబ్ వచ్చి, టేపు తీయకముందే అడిగినాడు:
"ఎవురెవురు దాటుతారు సార్ దీన్ని?
ముసలోళ్లుంటే తట్టుకుంటారు.
మరీ దించితే వంక నీళ్లొస్తాయి, తేళ్లొస్తాయి."

ఆ మాట లాగును నేనెప్పుడూ అడగలేదు.

ఆ రాత్రి మొత్తం లెక్క తీసేసినా.
ఒకే పేరు మూడుసార్లు తిరిగొస్తే మోగాలని రాసినా.
రోజూ మాట్లాడే కేంద్రం
పావుగంట ఉలుకూ పలుకూ లేకుంటే కూడా.
గీతలు లేవంటే అంతా బాగుందని కాదు,
ఒక్కోసారి గీసే చెయ్యే ఉండదు.

ఇప్పుడు వారానికి రెండుసార్లు గ్లాసు అరుస్తుంది.
నాలుగుంబావుకు ఫోను చేసి
"క్యాన్లు కదిలించొద్దు, పేర్లు కాగితం మీద రాసుకో" అంటాను.
అవతల బర్రె అరుపు, ఎవరిదో దగ్గు.

ఆ రోజు నాలుగున్నర లీటర్లు మాత్రం
ఇంకా ఏ లెక్కకూ ఎక్కలేదు.
పై ఆఫీసుకు రెండు ఉత్తరాలు పెట్టినా.
దానికి మోగే ఫోను ఎవరి దగ్గరా లేదు.
కొత్త గడప మీద మాబుసాబ్ పెన్సిలు గీత చెరిగిపోలేదు.
దాని పక్కన చిన్నగా రాసుకున్నా:
పీరమ్మ, నాలుగున్నర.
రోజూ దాన్ని దాటే లోపలికి పోతా.